సత్యకాముని సమాధానము

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున ఒక బాలుడు గురుకుల ప్రవేశమును కోరిన వృత్తాంతము కలదు. సత్యకాముడను ఆ బాలుడు బ్రహ్మచర్యమును స్వీకరింపదలచి, తన గోత్రమేమని తల్లి నడిగెను. ఆమెకు తెలియదు. యౌవనమున పలుచోట్ల పరిచర్యలు చేయుచు తిరుగుచుండిన కాలమున అతడు జన్మించెనని మాత్రము ఆమె చెప్పగలిగెను. తన పేరు జబాల గనుక, సత్యకామ జాబాలుడనని చెప్పికొమ్మని కుమారుని పంపెను. అతడు హారిద్రుమతుడగు గౌతముని సన్నిధికి పోయి, ఆయన గోత్రమడుగగా, తల్లి చెప్పినదానిని చెప్పినట్లే విన్నవించెను. ఆ బాలుడు సత్యమునుండి తొలగలేదని గ్రహించిన గౌతముడు సమిధలు తెమ్మని ఆజ్ఞాపించి అతనికి ఉపనయనము చేసెను.

ఈ కథను గోత్ర విచారమునకు సంబంధించినదిగా చదువుట పరిపాటి. కాని ఇందు వేరొక విశేషము గలదు. సత్యకాముని జీవితము కష్టమయము. తండ్రి ఎవరో తెలియదు. తల్లి పరుల సేవ చేసి పెంచినది. ఇట్టివాడు ప్రవేశద్వారమున నిలిచినపుడు రెండు ప్రలోభములు కలుగును. కష్టమును దాచి ఏదో యొక గోత్రమును చెప్పుట మొదటిది. ఆ కష్టమునే విస్తరించి, లేని గాయములను చేర్చి, గురువు హృదయము కరగునట్లు వర్ణించుట రెండవది. సత్యకాముడు రెంటిని విడిచి, ఉన్నదానిని ఉన్నంతగా చెప్పెను. పేదరికమును దాచుకొనుట పూర్వపు లోకరీతి. కావున ఆనాడు మొదటి ప్రలోభమే బలవత్తరము. నేడు రెండవది ప్రబలుచున్నది. దానిని గూర్చి విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేటి పెద్ద విద్యాలయములు పలువురు, ముఖ్యముగా అమెరికా దేశమున, విద్యార్థి మార్కులతో పాటు అతడు తన జీవితమును గూర్చి వ్రాసిన వ్యాసమును గూడ కోరుచున్నవి. అక్కడి అనేక కళాశాలలు స్వీకరించు ఉమ్మడి దరఖాస్తులో ఈ వ్యాసము 650 మాటలకు మించరాదు. ఎదురైన ఆటంకమును, దానివలన నేర్చిన పాఠమును వర్ణింపుమనునది అందలి ప్రశ్నలలో నొకటి. 2023 జూన్ నెలలో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, జాతిని బట్టి ప్రవేశమునిచ్చు పద్ధతిని త్రోసిపుచ్చుచునే, జాతివలన తన జీవితమున కలిగిన అనుభవమును విద్యార్థి వ్రాసికొనుటకు అవకాశమును విడిచినది. మన దేశమున వ్యాసమునకు బదులు ధ్రువపత్రము కలదు. 2019లో జరిగిన 103వ రాజ్యాంగ సవరణచే ఆర్థికముగా వెనుకబడినవారికి 10 శాతము స్థానములు ప్రత్యేకింపబడినవి. కుటుంబ వార్షికాదాయము 8 లక్షల రూపాయల లోపుగా నుండవలెననునది అందలి ముఖ్య నిబంధన. జంషెడ్‌పూర్ ప్రక్కనున్న ఆదిత్యపూర్‌లో 1960లో స్థాపింపబడి, నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా వెలయుచున్న కళాశాలలో ప్రవేశించుటకైనను ఈ నిబంధనయే వర్తించును.

ఈ ఏర్పాటుల మూలమున నున్నది ధర్మమే. విద్యుద్దీపము, ప్రత్యేకమైన గది, జీతమిచ్చి పెట్టుకొన్న ఉపాధ్యాయుడు గల బాలునకు నూటికి తొంబది వచ్చినవి. ఇవేవియు లేని బాలునకు ఎనుబదియైదు వచ్చినవి. వీరిలో ఎవరి ప్రయత్నము అధికమో అంకెలు మాత్రమే చూచువాడు చెప్పజాలడు. కష్టమును లెక్కలోనికి తీసికొనుట న్యాయమును నిలుపుటకే గాని దానమిచ్చుటకు గాదు. న్యాయమునకై తెరచిన ఈ ద్వారమున అసత్యము ప్రవేశించుచుండుటయే విచారకరము.

ఇక నా యెరుకలోని యొక సంగతి చెప్పెదను. సుబర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమమునకు సమీపమున నున్న సాక్చి గ్రామమున, 1907లో ఏర్పడిన ఇనుము ఉక్కు సంస్థ తన కర్మాగారమును నిర్మించెను. 1912లో అచట ఉక్కు తయారగుట ఆరంభమైనది. 1919లో ఆ యూరికి జంషెడ్జీ టాటా పేర జంషెడ్‌పూర్ అని నామకరణము చేసిరి. ఆ కొలుముల వెలుగును వెదకికొనుచు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఎందరో తెలుగువారు రైలెక్కి వచ్చి కదమా, సోనారి, బిష్టుపూర్ మొదలగు పేటలలో స్థిరపడిరి. అట్టి యొక కుటుంబమునకు చెందిన మనుమడు, పండ్రెండవ తరగతి చదువుచున్నవాడు, అమెరికాలోని ఒక గొప్ప విద్యాలయమునకు దరఖాస్తు చేయదలచెను. ఆదివారములందు పేటలోని బాలురకు తెలుగు చెప్పు అలవాటుండుటచే నాకు అతడు పరిచితుడు.

ఆ యింట తండ్రి కర్మాగారమున షిఫ్టులలో పనిచేయును. రాత్రి షిఫ్టు, అనగా అచటివారు సీ షిఫ్టు అనునది, వచ్చిన వారమున ఆయన తెల్లవారిన పిదప ఇల్లు చేరి నిద్రించును. ఇంటిలో ఉన్నవి రెండే గదులు. తండ్రి నిద్ర చెడకుండునట్లు బాలుడును, అతని చెల్లెలును పెదవులు మాత్రము కదల్చుచు పాఠములు వల్లించెడివారు. గిన్నెలు చప్పుడు కాకుండ తల్లి గచ్చుపై గుడ్డ పరచెడిది. బాలుడు మొదట వ్రాసిన వ్యాసమున ఇంతయే యుండెను. రుసుము తీసికొని సలహాలిచ్చు ఒక వ్యక్తి దానిని చూచి పెదవి విరిచెనట. వేలకొలది వ్యాసములు చదువువారు దీనియొద్ద ఆగరనియు, ఇందు కన్నీరు లేదనియు, ఏదైన ప్రమాదము కావలెననియు చెప్పెనట. రెండవ ప్రతిలో తండ్రి కుడిచేయి యంత్రమున నలిగిపోయినది. తల్లి కుట్టుపనితో ఇల్లు గడుచుచున్నది.

బాలుడు ఆ రెండవ ప్రతిని నాకు చూపుటకు పిలిచెను. నేను పోయినపుడు తల్లి గూడ అచటనే యుండెను. కుమారుడేమి వ్రాసెనో తెలిసికొనవలెనని ఆమెకు కోరిక. ఆంగ్లము రాదు గనుక తెలుగున చెప్పుమనెను. బాలుడు తప్పించుకొనజూచెను గాని ఆమె విడువలేదు. అతడు తలవంచుకొని చెప్పుచుండగా ఆమె కొంతసేపు విని, "ఇదెవరింటి కథరా, నాయనా?" అని అడిగెను. ఆ మాటలో కోపము లేదు. నిజముగా తెలియకయే అడిగెను. ప్రక్క గదిలో తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని నిద్రించుచున్నాడు. ద్వారము ఓరగా తెరచియున్నది. ఒక చేయి తలక్రింద, ఒక చేయి ఛాతిమీద పెట్టుకొని యుండెను. బాలుడు అటు చూచి మరి చదువలేకపోయెను.

ఇట్టి సందర్భమున తమ పక్షమున వాదించువారు చెప్పు మాటలు కొన్ని గలవు. వానిని త్రోసివేయక న్యాయబుద్ధితో పరిశీలింపవలెను.

కష్టము నిజముగానే యున్నది గదా, దానిని కొంచెము పెంచిన దోషమేమి అనునది మొదటి వాదము. కావ్యమున అతిశయోక్తి అలంకారము. ఏలన కవియు పాఠకుడును అది అతిశయోక్తియని ఎరిగియే ఆనందింతురు. దరఖాస్తు కావ్యము కాదు, సాక్ష్యము. సాక్ష్యమున అతిశయోక్తి చేరినచో అది కూటసాక్ష్యమగును. యోగసూత్రములకు వ్యాసుడు రచించిన భాష్యమున సత్యమునకు చెప్పబడిన లక్షణము ఇచట స్మరింపదగినది. కన్నది, ఊహించినది, విన్నది ఎట్లున్నదో వాక్కును మనస్సును అట్లే యుండవలెను. మన మనస్సులోని జ్ఞానమును ఎదుటివానికి అందించుటకే వాక్కు ఏర్పడినది గనుక, అది వానిని మోసగించునదిగా నుండరాదు. అందుచేత మాటలు మాత్రము సత్యమైన చాలదు. వినువాని మనస్సున కలుగు భావము గూడ సత్యము కావలెను. దీనికి వ్యాఖ్య వ్రాసిన వాచస్పతిమిశ్రుడు, అశ్వత్థామ మరణమును గూర్చి ద్రోణుడడిగినపుడు ధర్మరాజు చెప్పిన సమాధానమును ఉదాహరించెను. ఆ సమాధానమున అక్షరము అసత్యము కాదు. కలిగించిన భావము అసత్యము. కష్టకథలను పెంచువారు పెక్కుమంది ఈ తెగకు చెందినవారు. ఒక వారము కలిగిన లోటును బాల్యమంతయు కలిగినట్లు తోపజేయుదురు. ఏ వాక్యమును పట్టుకొన్నను తప్పు దొరకదు; మొత్తము మాత్రము అబద్ధము.

దీనివలన ఎవరికి నష్టమనునది రెండవ వాదము. అన్నసత్రమున పంక్తి సాగుచుండగా కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానివలె వచ్చి కూర్చుండెను. విస్తళ్లు లెక్కకున్నవి. ఎవడో యొకడు ఆకలితో తిరిగిపోవును. వాని ముఖము వీనికి కనబడదు గనుక నష్టము లేదనిపించును. అంతటితో పోదు. మోసములు బయటపడిన కొలదియు వడ్డించువారికి సందేహము పెరుగును. అప్పుడు నిజముగా ఆకలిగొన్నవాడు తన ఆకలిని నిరూపించుటకు పది పత్రములు తేవలసివచ్చును. పేదవాని మాటకున్న విలువను దొంగిలించుట పేదవాని అన్నమును దొంగిలించుటకంటె తక్కువ పాపము కాదు.

కర్తకు గూడ నష్టము తప్పదు. 2024లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి లీహై విశ్వవిద్యాలయమున చదువుచుండిన 19 ఏండ్ల భారతీయ విద్యార్థి యొకడు ఫోర్జరీ నేరమును అంగీకరింపవలసివచ్చెను. జీవించియున్న తండ్రి మరణించినట్లు పత్రము సృష్టించి, మార్కుల పత్రములను గూడ కల్పించి, పూర్తి ఆర్థిక సహాయముతో ప్రవేశము పొందెను. తాను చేసిన పనిని పేరు చెప్పక తానే వ్రాసి ప్రకటించుకొనగా, దానివలననే సంగతి బయటపడినది. ప్రవేశము రద్దయినది, దేశమునకు తిరిగిరావలసిన వాడయ్యెను. సంవత్సరములకొలది ఉపాధ్యాయులు నేర్పిన విద్య యంతయు ఆ తండ్రిని కాగితముపై చంపుటకే వినియోగపడినది. అంతకు పూర్వము 2018 నవంబరులో లూసియానా రాష్ట్రమున బ్రోబ్రిడ్జి పట్టణమునందలి ఒక చిన్న పాఠశాలను గూర్చి న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించిన సంగతులు ఇంకను శోచనీయములు. నల్లజాతి బాలురను పేరుపొందిన విశ్వవిద్యాలయములకు పంపుటలో ప్రసిద్ధికెక్కిన ఆ పాఠశాలలో మార్కుల పత్రములే గాక, బాలుర కష్టకథలు గూడ కల్పింపబడుచుండెను. చేరినవారిలో కొందరు చదువు సాగింపలేక బాధపడిరి. పెద్దలే పిల్లలకు మీ నిజమైన జీవితము చాలదని నేర్పినపుడు, ఆ పిల్లల ఆత్మవిశ్వాసమునకు మిగులునదేమి?

ప్రాణమునకు, మానమునకు, విత్తమునకు హాని కలుగు వేళ అసత్యమాడిన దోషము లేదని శాస్త్రమే చెప్పుచున్నది గదా అనునది మూడవ వాదము. తెలుగువారికి ఇది సుపరిచితము. వామనునికి మాట యిచ్చిన బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన హితబోధ ఇట్టిదే. కాని పోతనామాత్యుని భాగవతమును చదివిన మనము కథను సగమున ఆపరాదు. ఆ సలహా చెప్పినవాడు గురువు, సర్వశాస్త్రములు తెలిసినవాడు, శిష్యుని మేలు కోరియే చెప్పెను. అయినను బలి దానిని స్వీకరింపలేదు. రాజ్యము పోయినది, బలి పేరు నిలిచినది. రుసుము పుచ్చుకొని శుక్రనీతిని బోధించువారు నేడు ప్రతి నగరమునను గలరు. వారి మాటను కాదనగల బలి ప్రతి యింటను ఉండవలెను.

ద్వారమే అన్యాయమైనదైనచో, అబద్ధము చెప్పి లోపలికి పోయిన తప్పేమి అనునది చివరి వాదము. అన్నిటిలోను బలమైనది ఇదియే. దీనికి సమాధానము కర్ణుని కథలో నున్నది. బ్రహ్మాస్త్రమును ఉపదేశింపుమని కోరిన కర్ణుని ద్రోణుడు నిరాకరించెను. కర్ణుని మనస్సున కలిగిన గాయము కల్పితము కాదు. అతనికి జరిగినది అన్యాయమే. అతడు మహేంద్రగిరికి పోయెను. శ్రీకాకుళపు సీమవారికి దూరమునుండి కనబడు పర్వతమది. అచట పరశురామునితో తాను భృగువంశపు బ్రాహ్మణుడనని చెప్పి శిష్యుడయ్యెను. విద్య లభించినది. ఒకనాడు గురువు అతని తొడపై తల యుంచి నిద్రించుచుండగా ఒక పురుగు తొడను తొలిచెను. గురువు నిద్ర చెడునని కర్ణుడు కదలక రక్తము కారుచుండ సహించెను. మేల్కాంచిన పరశురాముడు ఆ సహనమును చూచియే ఇతడు చెప్పినది అసత్యమని గ్రహించెను. అవసరమైన వేళ ఆ అస్త్రము స్ఫురింపదని శపించెను.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. కర్ణుని అబద్ధమును బయటపెట్టినది శత్రువు కాదు. అతని నిజమైన సహనమే. లోకమునకు చూపదగిన కష్టసహిష్ణుత అతనికి స్వతస్సిద్ధముగా నుండెను. దానిని కప్పి, లేని వంశమును ముందుంచెను. తుదకు ఉన్న గుణమే లేని వంశమును నిందించినది. ద్వారము అన్యాయమైనదనుట నిజమే. కాని అసత్యమువలన ఆ ద్వారము సరికాలేదు. ప్రవేశించినవాని చేతిలోని విద్య మాత్రము నిలువలేదు. శాపమనగా పైనుండి పడినది గాదు. నేనెవరినో గురువునకు తెలిసినచో ఏమగునను భయముతో నేర్చిన విద్య, ఆపత్సమయమున తడబడుట స్వభావము.

సత్యకాముని కథలో ఇందుకు ప్రతిగా ఏమి జరిగినదో చూడుడు. గౌతముడు అతనికి బక్కచిక్కిన నాలుగువందల గోవులను అప్పగించెను. అవి వేయి కానిదే తిరిగిరానని బాలుడు సంకల్పించి అడవికి పోయెను. సత్యము చెప్పినవానికి సుఖము లభింపలేదు. మరల కష్టమే లభించినది. కాని ఆ కష్టము అతనిదైన కష్టము. దానినుండి జ్ఞానము పుట్టినది. మనము నిజముగా పడిన కష్టము విత్తనము వంటిది. దానికి మొలకెత్తు శక్తి గలదు. కల్పించిన కష్టము విత్తనమువలె మలచిన రాతిపూస. అది జీవితమంతయు మోయవలసిన బరువే.

ఇంతమాత్రమున తప్పంతయు బాలురదేయని అనరాదు. గౌతముడు ఒక విషయమడిగెను, కన్నీటికథ నడుగలేదు. నేటి ద్వారపాలకులు గాయము పెద్దదైన కొలది తలుపు పెద్దదిగా తెరతురను నమ్మిక విద్యార్థులలో వ్యాపించినది. ఆ నమ్మికకు కారకులైనవారు దానిని సరిదిద్దవలెను. సహాయము చేయుటకు వేరొక మార్గము గూడ కలదని ఏ మహనీయుని పేర ఆ నగరము వెలసెనో ఆయనయే చూపెను. జంషెడ్జీ టాటా 1892లో భారతీయుల ఉన్నత విద్యకై ఒక నిధిని ఏర్పరచెను. యోగ్యులైన విద్యార్థులను ఎన్నుకొని విదేశములలో చదువుకొనుటకు దానినుండి ఋణరూపమున వేతనమిత్తురు. పొందినవాడు తిరిగి చెల్లించును. ఆ ధనము మరియొకనికి ఉపయోగపడును. ఇచట తీసికొనువాడు చేయి చాచి నిలువబడడు, తలయెత్తి నిలువబడును.

కేరళలోని ఉళవూరు గ్రామమున పేద కుటుంబమున జన్మించి, ప్రతిదినము మైళ్ళకొలది నడచి పాఠశాలకు పోయి, జీతము చెల్లింపలేక తరగతి వెలుపల నిలిచి పాఠము విన్న కె. ఆర్. నారాయణన్, టాటా విద్యార్థి వేతనముతో 1945లో లండను నగరమునకు పోయి చదువుకొనెను. 1997 నుండి 2002 వరకు ఆయన భారత రాష్ట్రపతి. అట్టి జీవితమునకు ఒక్క అలంకారమైన చేర్చవలసిన పని యున్నదా?

అట్లయినచో విద్యార్థి తన కష్టమును చెప్పనే కూడదా? తప్పక చెప్పవచ్చును. దాచుట గూడ సత్యమునకు లోపమే. కాని వ్రాసిన పిదప మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని నా తల్లిదండ్రుల యెదుట, వారికి తెలిసిన భాషలో చదువగలనా? నాకంటె ఎక్కువ కష్టపడిన నా సహాధ్యాయి యెదుట చదువగలనా? చదివినవారి మనస్సున కలుగు చిత్రమును, నేనెరిగిన వాస్తవమును ఒక్కటియేనా? ఈ మూడింటికి ఔనని చెప్పగలిగినచో నిశ్చింతగా పంపవచ్చును. చెప్పలేనిచో, ఎంత చక్కని భాషయైనను ఆ కాగితమును చింపివేయుట మేలు.

జంషెడ్‌పూర్‌లోని ఆ బాలుడు తుదకు మొదటి ప్రతినే పంపెను. గుడ్డ పరచి గిన్నె దించిన తల్లిని, పెదవులతో వల్లించిన పాఠములను గూర్చి మరి నాలుగు వాక్యములు చేర్చెను. తన తండ్రి చేతులను గూర్చి ఒక వాక్యము చేర్చెను. అవి రెండును ఉన్నవనియే. సత్యము చెప్పినందున కోరిన విద్యాలయమే లభించినదని నేనిచట వ్రాసినచో పాఠకులు సంతోషింతురు. కాని అది నిజము కాదు. అచట స్థానము లభింపలేదు. అతడు వేరొకచోట చేరి చదువుచున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు, తండ్రి రాత్రి షిఫ్టునుండి వచ్చి నిద్రించుచుండగా, పూర్వమువలెనే చప్పుడు కాకుండ నడచుచున్నాడని తల్లి చెప్పినది.

సత్యము ప్రవేశపత్రము కాదు. దానితో అన్ని తలుపులును తెరచుకొనవు. కాని ఏ తలుపు తెరచుకొన్నను లోపలికి పోవునది మనమే కావలెను గాని, మన పేరు పెట్టుకొన్న మరియొకడు కారాదు. బిడ్డలను పెద్ద చదువులకు పంపదలచిన తల్లిదండ్రులు, వారి దరఖాస్తును ఒక్కసారి తమ భాషలో చదివించుకొని వినెదరు గాక. ఇదెవరింటి కథయని అడుగవలసిన అవసరము రానిచో, బిడ్డ ఏ విద్యాలయమున చేరినను, చేరకున్నను, విద్యకు అర్హుడైనట్లే.